చిట్టి సరంగు

పడవ లాకులోకి వచ్చి ఆగేసరికి రెండున్నరేళ్ల అలీదా అంచున కూర్చుని ఉంది. కాళ్లు బయటికి వేలాడేసి, లాకు గోడకు పట్టిన నాచును బొటనవేలితో గోకుతోంది. పడవకూ గోడకూ మధ్య సందు జానెడు కూడా లేదు. మూడువందల యాభై టన్నుల సరుకుతో పడవ ఇంకా అటూ ఇటూ కదులుతూనే ఉంది.

తల్లి వివినా అప్పుడు ముందు కొసన ఉంది, చేతిలో మోకుతో. మోకు వదిలేస్తే పడవ వెళ్లి లాకు తలుపులకు గుద్దుకుంటుంది. అందుకని గుంజకు మోకును మూడు చుట్లూ చుట్టి, ముడి బిగించి, సరుకు గది మూతల మీదుగా నడిచి వెళ్లింది. పరుగెత్తలేదు. పరుగెడితే పిల్ల ఆట అనుకుని తనూ లేచి పరుగెడుతుంది. వెనకనుంచి వెళ్లి రెండు చంకల కింద చేతులు వేసి ఎత్తుకుంది.

ఫ్లాండర్స్ కాలవల్లో పడవల మీద పుట్టిన పిల్లలందరికీ ఉన్నట్టే అలీదాకూ ఒక తోలు పట్టీ ఉంది. భుజాలకు తగిలించి, వెనక కొక్కెం పెట్టి, రెండు బారల తాడుతో చుక్కాని గది తలుపుకు కడతారు. తండ్రి ఓడిలోన్ కూడా ఆ పట్టీలోనే పెరిగాడు. ఇప్పుడు ఆ పట్టీ తాడు చివర ఖాళీగా ఊగుతోంది.

లాకు దాటాక, కాఫీ ముందు పెట్టి అప్పుడు చెప్పింది వివినా.

"బకిలు విప్పడం నేర్చుకుంది."

"ఎవరు?"

"నీ కూతురు."

"అబ్బో, ఎంత తెలివే!" అన్నాడు ఓడిలోన్. తర్వాత భార్య ముఖం చూసి కప్పు కింద పెట్టాడు.

"అక్క ఇంటి మేడమీద వాటా ఖాళీ అయిందట. జూన్ ఆఖరుదాకా ఎవరికీ ఇవ్వకుండా ఆపుతానంది. జూలై ఒకటో తారీఖున నేనూ పిల్లా అక్కడ దిగిపోతాం. మోకులు వెయ్యడానికి నువ్వెవరినైనా పెట్టుకో."

"ఒక్కసారి విప్పుకున్నందుకేనా?"

"ఒక్కసారి చాలదా? లాకులో ఆ పావుగంట నీ చేతులు చక్రం మీదుంటాయి. నా చేతులు మోకు మీదుంటాయి. దాని మీద ఎవరి చేతులుంటాయో చెప్పు."

ఓడిలోన్ కాసేపు ఆలోచించాడు. ఆలోచించేటప్పుడు అతను కిటికీలోంచి నీళ్లకేసి చూస్తాడు, జవాబు అక్కడ తేలుతూ వస్తుందన్నట్టు. "కుక్కను పెంచుదాం," అన్నాడు చివరికి.

వివినా వెంటనే కాదనలేదు. ఆమె పొలం మనిషి. జెల్జాతె ఊరి పక్కన పాడి ఉన్న ఇంట్లో పుట్టింది, కుక్కల సంగతి ఆమెకు తెలుసు. "జూన్ దాకా చూస్తా," అంది. "నాకు నమ్మకం కుదిరితే ఉంటా. లేకపోతే లేదు."

ఓడిలోన్‌కు ఆ మాట ఎంత బరువైందో తెలియాలంటే అతను నేల మీద ఎలా ఉంటాడో చూడాలి. నలభై ఏళ్ల కిందట ఈ పడవ మీదే, రెండు లాకుల మధ్య పుట్టాడు. ఏ ఊళ్లో పుట్టినట్టు రాయించాలో తేలక, వాళ్ల నాన్న పొగాకు కొనడానికి ఏ ఊళ్లో ఆగాడో ఆ ఊరి పేరే రాయించాడు. పడవ పేరు 'పట్టుదల'. ముందు కొసన తెల్ల రంగుతో వాళ్ల తాత రాయించిన పేరది. సైన్యంలో తప్పనిసరి కొలువు చేసిన ఏడాదీ మంచం కదలడం లేదని ఓడిలోన్‌కు సరిగ్గా నిద్ర పట్టలేదు. పెళ్లయిన కొత్తలో వదినగారింట్లో రెండు రోజులు ఉండమంటే ఒక పూట ఉండి, పడవకు నీళ్లెక్కుతున్నాయేమో చూసొస్తానని వచ్చేశాడు. పడవకు నీళ్లేమీ ఎక్కలేదు. వెనక్కీ వెళ్లలేదు.

భార్యాపిల్లలు ఒడ్డున దిగిపోయాక పడవ నడిపే సరంగులు ఏమయ్యారో అతనికి తెలుసు. మొదటి ఏడాది ఆదివారాలు ఇంటికి వెళ్తారు. రెండో ఏడాది పడవ అమ్మేస్తారు. కొన్నవాళ్లు దాన్ని పట్నంలో రేవుకు కట్టేసి, కిటికీలకు పూలకుండీలు వేలాడదీసి, అందులో కాపురం పెడతారు. ఓడిలోన్ అలాంటి పడవల పక్కనుంచి వెళ్లేటప్పుడు తల తిప్పుకుంటాడు, తెలిసినవాళ్లను ఆసుపత్రిలో చూసినట్టు.

కాబట్టి కుక్కను ఎంచడం అతనికి ఆషామాషీ వ్యవహారం కాదు. అయితే ఏ వస్తువునైనా ఓడిలోన్ ఎంచే పద్ధతి ఒకటుంది. పేరు చూస్తాడు. "పేరు ఊరికే పెట్టరు," అంటాడు. 'అడ్మిరల్' అని రాసి ఉందని కొన్న వానకోటు మూడో వానకే కారింది. ఆ వాన మామూలు వాన కాదన్నాడు.

దెండర్ నది మీద మూడో లాకు దగ్గర, ముందు రెండు పడవలు ఉండడంతో వంతు కోసం ఆగినప్పుడు కుక్క మాట వచ్చింది. లాకు చూసే గాస్పార్ పదిహేనేళ్ల కిందట లూవెన్ వైపునుంచి బదిలీ మీద వచ్చినవాడు. మనిషికైతే బదిలీ అయింది కానీ మాటకు కాలేదు.

"నా మాటిను ఓడిలోన్," అన్నాడు గాస్పార్. "మా తమ్ముని కాడ న్యూఫౌండ్లాండ్ కుక్కున్నది. దూడంత ఉంటది. నీళ్లల్ల ఏం పడ్డా గుంజుకొస్తది. పోయినేడు మా మరదలిని గుంజుకొచ్చింది. వద్దు వద్దని మొత్తుకున్నా ఇడువలే. ఆమె ఈత కొడ్తుండె పాపం."

"పడ్డాక తీసుకొచ్చేది నాకెందుకన్నా?" అంది వివినా. "పడకుండా చూసేది కావాలి. పైగా అది మా వంటగదిలో పడుకుంటే మేం ముగ్గురం ఒడ్డున పడుకోవాలి."

"పోనీ డచ్చోళ్ల పడవల మీద ఉంటది సూడు, బూడిద రంగుది, ఉన్ని మూట లెక్క..."

"నా పడవ మీద డచ్చి కుక్కా?" అన్నాడు ఓడిలోన్. "మా తాత లేచొస్తాడు."

"మీ తాత సంగతి తర్వాత. ఆ వెంట్రుకలన్నీ ఇంజిను జల్లెడలోకి పోతాయి," అంది వివినా. తర్వాత కాస్త ఆగి, "మా నాన్న దగ్గర పశువుల్ని తోలే కుక్క ఉండేది. పాలు పితికే వేళకి మా అమ్మ నన్ను దానికప్పగించేసేది. గేటు దగ్గరికి వెళ్తే చాలు, అడ్డొచ్చి నిలబడేది. కరిచేది కాదు, అరిచేది కాదు. అంతే, దారివ్వదు. అలాంటిదైతే..."

ఓడిలోన్ నవ్వాడు. బాగా నవ్వాడు. "పడవ మీద ఆవులున్నాయా తోలడానికి? పొలం కుక్క వేరు, పడవ కుక్క వేరు వివినా. మనకంటూ ఒక జాతి ఉంది. పేరులోనే ఉంది. స్కిపర్కె!"

స్కిపర్ అంటే సరంగు. చివర 'కె' తగిలిస్తే చిట్టి అని. ఫ్లాండర్స్ కాలవల మీద ఇది చంటిపిల్లలకు కూడా తెలుసు.

"ఏమన్నవ్?" అన్నాడు గాస్పార్.

"స్కిపర్కె. చిట్టి సరంగు. నల్లగా, తోక లేకుండా, నక్క మొహంతో ఉంటుంది చూడు. డెక్కు మీద అడ్డం రాకూడదనే తోక లేకుండా చేశారు."

గాస్పార్ అతని ముఖంలోకి ఒక క్షణం చూశాడు. "గట్లనా?" అన్నాడు. "సరే మరి. పడవోనివి నీకు తెల్వనిదేముంటది." లాకు తలుపులు తిప్పడానికి వెళ్లిపోయాడు. అతని భుజాలు కదులుతున్నాయి. చక్రం బిగుసుకుందనుకున్నాడు ఓడిలోన్.

ఏప్రిల్ ఆఖర్లో లూవెన్‌కు చేర్చవలసిన బార్లీ సరుకు దొరికింది. ఆ దారిలోనే, తిల్దొంక్ లాకు పక్కన, ఫిలొమేన్ అనే ముసలావిడ ఆ జాతి కుక్కలను పెంచుతుంది. డెబ్భై దాటిన మనిషి, మోకాళ్లు పట్టేసి కర్ర పట్టుకుని నడుస్తుంది. పెరట్లో అయిదారు నల్ల కుక్కలు. పడవ కట్టేసి ముగ్గురూ వెళ్లారు.

"రా బిడ్డా, లోపటికి రా," అంది ఫిలొమేన్. "స్కేపర్కె కోసమే వస్తిరా?"

"స్కిపర్కె అమ్మా," అన్నాడు ఓడిలోన్, మర్యాదగా.

"అవు, గదే. మా తాతలనాటి నుంచి ఇంట్ల స్కేపర్కెలు లేని దినం లేదు."

"స్కిపర్కెలు." ఈసారి కొంచెం నిదానంగా, చెవులు సరిగ్గా వినిపించని వాళ్లకు చెప్పినట్టు చెప్పాడు. లూవెన్ వైపు వాళ్లు ప్రతి అచ్చునూ సాగదీసి పాడు చేస్తారని అతనికి ముందే తెలుసు. తిట్టుకోవలసినంత తప్పేం కాదు కూడా.

"వీటికి ఒక్కటే గుణం బిడ్డా. ఇంట్ల అందరు ఒక్కకాడ ఉండాలె. ఒకలిటు ఒకలటు పోతే స్కేపర్కెకు పాణం నిలువది."

"స్కిపర్కెకు మా పడవ కంటే మంచి చోటు ఎక్కడుందమ్మా! అంతా కలిపి నలభై మీటర్లు. ఎవరు ఎటు పోతారు?"

ఫిలొమేన్ అతన్నీ, అతని టోపీనీ చూసి తలూపింది. తను పెంచిన కుక్కల పేరు తనకు పలకడం రాదని అంతకుముందు ఎవరూ ఆవిడతో అనలేదు.

వివినా ఈ మాటల్లోకి రాలేదు. అలీదాను పెరట్లో దింపి, చేతులు కట్టుకుని చూస్తోంది. పిల్ల తిన్నగా కాలవ వైపు గేటుకేసి నడిచింది. రెండు కుక్కపిల్లలు పారిపోయాయి. ఒకటి నీళ్ల చట్టిలో పడి లేచి దులుపుకుంటోంది. ఏడాది వయసున్న ఒక మగకుక్క మాత్రం అరుగు మీదినుంచి దిగి, పిల్ల చుట్టూ ఒక అరచుట్టు తిరిగి, గేటుకు అడ్డంగా వచ్చి నిలబడింది. అలీదా కుడివైపు జరిగింది. అదీ జరిగింది. ఎడమవైపు జరిగింది. అదీ జరిగింది. పిల్ల కూలబడి ఏడుపు మొదలెట్టింది.

"అది," అంది వివినా.

"ఆ చట్టిలో పడ్డది చూడు! నీళ్లంటే ఎంత ఇష్టమో!" అన్నాడు ఓడిలోన్.

"నాకు అదే కావాలి."

అన్నిటికంటే అదే నల్లగా ఉంది కాబట్టి ఓడిలోన్ ఒప్పుకున్నాడు. మత్రోస్ అని పేరు పెట్టాడు. మత్రోస్ అంటే కళాసి. ఎంత చిట్టి సరంగైనా, ఒక పడవ మీద ఇద్దరు సరంగులు పనికిరారు.

మొదటి రెండు వారాలూ మత్రోస్‌కు పడవ అలవాటు కావాలన్నాడు. మత్రోస్‌కు నీళ్లంటే గిట్టదు. వాన పడితే వంటగది మెట్టు దిగదు. సరుకు గది మూతల మీద సరిగ్గా మధ్యగీత వెంట నడుస్తుంది, అంచు వైపు తొంగి కూడా చూడదు. ఓడిలోన్ దాన్ని ఎత్తుకెళ్లి ముందు కొసన నిలబెట్టాడు, సరంగులు నిలబడే చోట. అది దిగి వెనక్కి వచ్చేసింది. మళ్లీ నిలబెట్టాడు. మళ్లీ వచ్చింది. మూడోసారి అతను వంగబోతే, అదే అతని చుట్టూ అరచుట్టు తిరిగి, బూటు మడమ పళ్లతో పట్టుకుని ఒక్కసారి లాగి వదిలింది.

ఆనాటినుంచి అదొక తంతు అయింది. ఓడిలోన్ అంచు వెంట ఉన్న అడుగు వెడల్పు దారిలో నడవబోతే చాలు, ఎక్కడినుంచో వచ్చి ముందు అడ్డం నిలబడుతుంది. తన సొంత పడవ మీద, నలభై ఏళ్లుగా కళ్లు మూసుకుని నడిచిన దారి వదిలి, టిక్కెట్టు కొన్న ప్రయాణికుడిలా మధ్యలోంచి నడవవలసి వచ్చింది. వివినాను మాత్రం అది ఏమీ అనేది కాదు. ఆమె అంచున నడిస్తే పక్కకు తప్పుకుని, ఆమె ఏం చెబుతుందా అని చెవులు నిక్కించి చూసేది.

"దీనికి మతి సరిగ్గా ఉన్నట్టు లేదు," అన్నాడు ఓడిలోన్. "పొద్దస్తమానం గుండ్రంగా తిరగడమేనా?"

"కొత్త కదా," అంది వివినా, మజ్జిగ జావ కలుపుతూ.

మే నెల మధ్యలో మళ్లీ గాస్పార్ లాకుకు వచ్చారు. కట్ట మీద ఇరవై దాకా గొర్రెలు మేస్తున్నాయి. గడ్డి కొయ్యడానికి మనుషుల్ని పెట్టడం ఎందుకని అక్కడ గొర్రెలను వదులుతారు. లాకు బయట మూడు పడవలు వంతు కోసం కట్టేసి ఉన్నాయి. జనమంతా డెక్కుల మీద కాఫీ తాగుతున్నారు.

మత్రోస్ గొర్రెలను చూసింది. ఒళ్లంతా ఒకసారి వణికింది. పుట్టిన దగ్గరనుంచీ నీళ్లంటే తప్పుకు తిరిగిన కుక్క, పడవకూ ఒడ్డుకూ మధ్య ఉన్న మీటరు నీళ్లను అసలు లేనట్టే దూకేసింది.

"మత్రోస్! రా! వెనక్కి!" అని అరిచాడు ఓడిలోన్.

దానికి వినబడలేదు. వినబడినా, పనిలో ఉన్న మనిషిని పిలవడం మర్యాద కాదన్నట్టు తిరిగి చూడలేదు. కట్ట పొడుగునా పడుకుని లేచి, పడుకుని లేచి, ఒక్కసారి కూడా మొరగకుండా, చెల్లాచెదరుగా ఉన్న ఇరవై గొర్రెలనూ అయిదు నిమిషాల్లో ఒక్క ముద్ద చేసింది. ఆ ముద్దను గాస్పార్ కూరగాయల మడి గేటులోంచి లోపలికి తోలింది. గొర్రెలన్నీ లెట్యూస్ మొక్కల మధ్య ఒక మూలకు ఒదిగి నిలబడ్డాయి. మత్రోస్ గేటులో పడుకుని, నాలుక బయట వేసి, పడవ వైపు చూసింది. వివినా వైపు.

మూడు పడవల మీదా కాఫీ తాగడం ఆగిపోయింది.

"ఓడిలోన్!" అని గాస్పార్ ఒడ్డుమీదినుంచి కేకేశాడు. మడి పోయినందుకు అతనిలో బాధేం కనబడలేదు. "నీ సరంగు నా తోటల లంగరేసిండు!"

"ఇదెక్కడి కుక్కో మరి... ఆ ముసలావిడ మోసం చేసింది. ఇది అసలు జాతి కాదు."

"అసలుదే. మస్తు అసలుది." గాస్పార్ గట్టు మీద కూర్చున్నాడు, నిలబడి నవ్వడం కష్టమై. "నీకెవ్వరు చెప్పలే? మా లూవెన్ దిక్కు స్కేపర్ అంటే గొర్లకాపరి. స్కేపర్కె అంటే చిట్టి కాపరి. నువ్వేమో సరంగు సరంగంటివి. నేననుకున్న, ఇంత పడవాయనకు తెల్వకుంట ఉంటదా అని."

"అది మీ ఊరి ఉచ్చారణ. పుస్తకాల్లో చిట్టి సరంగు అనే ఉంది."

"పుస్తకాలల్ల రెండూ రాసున్నయ్. కుక్క పుస్తకం సదవలే."

కాలవల మీద పడవ గంటకు ఎనిమిది కిలోమీటర్లు పోతుంది. ఈ కబురు అంతకంటే బాగా తొందరగా పోయింది. ఆ సాయంత్రంలోపే చుక్కాని గదిలోని వైర్‌లెస్‌లో ఎవరో "మే..." అన్నారు. మర్నాడు వంతెన కింద ఎదురైన పడవవాడు టోపీ తీసి, "ఓడిలోన్, ఈసారి సరుకు ఉన్ని మూటలేనా?" అని అడిగాడు. గెంట్ రేవులో సరుకు వంతులు పంచే హాలులో, తను లోపలికి రాగానే నలుగురు పక్కకు జరిగి దారిచ్చారు. "మంద వస్తోంది, జరగండి," అన్నాడొకడు.

ఓడిలోన్‌కు నవ్వులాట ఒక్కటే బాధ అయితే ఓర్చుకునేవాడు. జూన్ దగ్గర పడుతోంది. వివినా ఏమీ అనడం లేదు. అనకపోవడంతో అతనికి ఇంకా భయం వేసింది. తను దగ్గరుండి ఎంచి తెచ్చిన కుక్క పొలం కుక్క అని తేలిపోయింది. పడవ మీద పిల్లను కాయడం దీని జాతికే లేని పని. తన పొరపాటుకు పడవ ఖాళీ అయిపోతుంది. అతని ఆలోచన ఇలా తిన్నగా, సాఫీగా, తప్పు కాలవలోకి సాగిపోయింది.

వివినా బట్టలు ఉతుకుతుండగా దెండర్‌మొండ్ తపాలాఫీసుకు వెళ్లి ఫిలొమేన్‌కు ఉత్తరం రాశాడు. కుక్క పడవకు సరిపడలేదు, తోలడానికి తన దగ్గర గొర్రెలు లేవు, వెనక్కి తీసుకోమన్నాడు. పడవలకు నిజంగా పనికొచ్చే కుక్క ఎవరి దగ్గరన్నా ఉంటే చెప్పమన్నాడు. డచ్చిదైనా పర్వాలేదని కింద రాసి, కొట్టేసి, మళ్లీ రాశాడు. వారం తర్వాత రేవులో జవాబు అందింది. "కుక్కను తీసుకరా. లాకు కాడ ఉంట." అంతే.

వివినాకు చెప్పలేదు. కొత్త కుక్క చేతికి వచ్చాక చెబితే, ఒకే కబురులో రెండూ సర్దుకుంటాయనుకున్నాడు.

జూన్ ఇరవై నాలుగున, మళ్లీ బార్లీతో, తిల్దొంక్ లాకులోకి కింది వైపునుంచి వెళ్లారు. గోడలు రెండు పక్కలా ఎత్తుగా, తడిగా లేచాయి. పైన, ఎండలో, ఫిలొమేన్ కర్రమీద ఆనుకుని నిలబడి ఉంది. ఇంకో చేతిలో మూత ఉన్న వెదురుబుట్ట.

వివినా మోకు పైకి విసిరి, గుంజకు పడ్డాక బిగించి, తల పైకెత్తి చూసింది. ఓడిలోన్ ఇంజిను ఆపి ముందుకొచ్చాడు, మూతల మధ్యలోంచే, పైనున్న బుట్ట మీదినుంచి చూపు తిప్పకుండా.

"ఆవిడ బుట్టతో ఎందుకొచ్చింది?" అంది వివినా.

"నేనే రమ్మన్నా. మత్రోస్‌ను ఇచ్చేద్దాం. నువ్వేం కంగారు పడకు. ఇంకోదాన్ని వెతుకుతా, సరైన పడవ కుక్కను. ఇంకా ఆరు రోజులుంది. గాస్పార్ వాళ్ల తమ్ముణ్ని కూడా అడుగుతా."

వివినా మోకు మీదినుంచి చెయ్యి తియ్యలేదు. నీళ్లు పైకి ఎక్కేకొద్దీ దాన్ని కొద్దికొద్దిగా లాగుతూనే ఉంది.

"అలీదా ఎక్కడుందో చూడు," అంది.

అతను వెనక్కి తిరిగాడు. చుక్కాని గది తలుపుకు తాడు వేలాడుతోంది. తాడు చివర పట్టీ ఖాళీగా ఉంది. ఓడిలోన్ అంచు మీంచి సందులోకి వంగి చూశాడు.

"మధ్యలో చూడు," అంది వివినా.

సరుకు గది మూతల మీద, చుట్ట చుట్టిన మోకు మీద అలీదా కూర్చుని బొమ్మకు టోపీ పెడుతోంది. దానికి బారెడు దూరంలో, పిల్లకూ అంచుకూ మధ్య, మత్రోస్ నెమ్మదిగా ఇటునుంచి అటూ అటునుంచి ఇటూ తిరుగుతోంది. పిల్ల లేచి రెండడుగులు అంచు వైపు వేసింది. కుక్క అడ్డం వచ్చింది. పిల్ల దాన్ని రెండు చేతులా తోసింది. అది ఒరిగి, తన బరువంతా పిల్ల మోకాళ్లకు ఆనించింది. అలీదా చతికిలబడింది. వాళ్ల నాన్న దగ్గరే నేర్చుకున్న ఒక మాట కుక్కను అని, మళ్లీ మోకు చుట్ట మీదికి వెళ్లి కూర్చుంది.

"పట్టీ మళ్లీ విప్పేసుకుందా?"

"నేనే విప్పా. ఇది పందొమ్మిదో లాకు."

ఓడిలోన్ ఖాళీ పట్టీనీ కుక్కనూ మార్చి మార్చి చూశాడు.

"మొదటి నాలుగూ వెనక మోకు నేనే పట్టుకుని, పక్కనే నిలబడి చూశా," అంది వివినా. "తర్వాత సగం దూరంలో నిలబడ్డా. తర్వాత ఇక్కడినుంచే. పందొమ్మిదింట్లో ఒక మేజోడు చిరిగింది. అంతే."

"నాకు చెప్పలేదే!"

"లాకులో నీ కళ్లు గోడల మీదే ఉంటాయి. చెబితే సరంగు రక్తం అంటావు."

"మరి ఇది గొర్రెల కుక్క కదా వివినా..." అన్నాడు. అంటుండగానే అతనికి ఇంకో సంగతి తట్టింది. భార్యకేసి చూశాడు. "నీకు ముందే తెలుసా? ఇక్కడ, ఈవిడ పెరట్లోనే?"

"ఆవిడ మూడుసార్లు చెప్పింది. నువ్వు మూడుసార్లు దిద్దావు." వివినా మోకు ఇంకో జానెడు లాగింది. "నేను అడిగితే పశువుల కుక్క వద్దన్నావు. నీ అంతట నువ్వే తెచ్చుకుంటుంటే మధ్యలో చెడగొట్టడం ఎందుకని ఊరుకున్నా."

పడవ గోడ పైఅంచు దాకా లేచింది. ఇప్పుడు ఫిలొమేన్ చెప్పులు వాళ్ల కళ్లకు ఎదురుగా ఉన్నాయి. ఇంకాసేపటికి మోకాళ్లు. ఆ తర్వాత ఆవిడే. పై తలుపుల అవతల ఇంకో పడవ దిగడానికి ఎదురుచూస్తోంది. దాని సరంగు ముందు కొసన నిలబడి, ఎవరిదీ పడవ అని పేరు చదివి, నవ్వడానికి సిద్ధమవుతున్నాడు.

"ఏమాయె బిడ్డా?" అంది ఫిలొమేన్. "ఎండల నిలబడి అరగంటాయె. ఇస్తున్నవా లేదా?"

"లేదమ్మా," అన్నాడు ఓడిలోన్. అవతలి సరంగుకు వినబడకుండా చెప్పే వీలుందేమో చూశాడు. లేదు. ముసలావిడకు నిజంగానే కొంచెం చెవుడు. "నేనే పొరపాటు పడ్డా. కుక్క మంచిది. ఉంచుకుంటాం."

"ఆఁ? మరి గొర్లు లేవంటివి?"

"ఉన్నాయమ్మా," అని గట్టిగా అన్నాడు. "రెండున్నాయి. ఒకదానికి రెండున్నరేళ్లు."

అవతలి పడవ మీద నవ్వు పగిలింది. ఫిలొమేన్‌కు సగమే అర్థమైంది కానీ ఆ సగం చాలింది. బుట్ట మూత తీసి, ఖాళీగా తీసుకెళ్లడం ఎందుకని తెచ్చిన అరడజను గుడ్లను వివినా చేతికిచ్చింది. కుక్కకు వారానికొకటి పెట్టమని, తక్కినవి మొగుడికి పెట్టమని చెప్పి, కర్ర తాటించుకుంటూ వెళ్లిపోయింది.

ఓడిలోన్ అక్కడే నిలబడ్డాడు. అడగవలసింది ఇంకా ఒకటి ఉంది. అది అడగకుండా ఉంటే ఆరు రోజులు ఇలాగే గడిచిపోతాయేమోనన్న ఆశ కూడా ఉంది.

"మరి జూలై?" అన్నాడు.

"అక్కకి రాసేశా, వాటా ఎవరికైనా ఇచ్చుకోమని."

"ఎప్పుడు?"

"పన్నెండో లాకు దగ్గర."

పన్నెండో లాకు అంటే తను రేవులో తల వంచుకుని తిరుగుతున్న వారం. ఉత్తరం చేతికొచ్చిన వారం. వైర్‌లెస్‌ను బట్టతో చుట్టేసిన వారం. ఆ వారమంతా అతను నవ్వుతూ ఉండవలసింది.

"ఒక్క ఏడాదికే చెబుతున్నా," అంది వివినా. "వచ్చే వేసవికి దానికి మూడున్నర. అప్పటికి దాని బలం కుక్క బలాన్ని మించిపోతుంది. అప్పుడు మళ్లీ కూర్చుని మాట్లాడుకుందాం. ఈసారి నేను చెప్పింది ముందు విని, తర్వాత నవ్వు."

"సరే."

"సరే అంటే?"

"ముందు వింటా."

పై తలుపులు తెరుచుకున్నాయి. లాకు దీపం ఆకుపచ్చగా మారింది. వివినా గుంజ మీదినుంచి మోకు తీసి చుట్టడం మొదలుపెట్టింది. ఓడిలోన్ చుక్కాని గదికి వెళ్లి ఇంజిను మళ్లీ నడిపించాడు. ఏడాది అంటే, సరుకు సరిగ్గా దొరికితే, మూడువందల లాకులు దాటుతాయి. ఆ లెక్క మనసులోనే వేసుకుని, పైకి ఏమీ అనకుండా, పడవను నెమ్మదిగా బయటికి తీశాడు.